టైల్స్ నేలకు గ్రౌట్ కావాలా, వద్దా? సందు నిర్ణయం నుంచి పని ముగింపు వరకు సమగ్ర మార్గదర్శి

గచ్చు మీద టైల్స్ పరిపించుకునేవారు పని మొదలయ్యే ముందు మేస్త్రీని తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "సందులు కనబడకుండా వేయగలరా?" ఆ కోరికలో తప్పేమీ లేదు. నేలంతా ఒకే పలకలా మెరవాలనీ, గీతల్లో మురికి చేరి నల్లబడకూడదనీ ఎవరికైనా ఉంటుంది. మేస్త్రీ కూడా చాలాసార్లు సరేనంటాడు, ఎందుకంటే టైల్‌ను టైల్‌కు ఆనించి పరచుకుంటూ పోవడం త్వరగా తెమిలే పని. టైల్స్ మధ్య సందును సమంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, అంటే స్పేసర్లు, పెట్టనక్కరలేదు, సందుల్లో నింపే ముద్ద, అంటే గ్రౌట్, నింపనక్కరలేదు, నింపిన తరువాత తుడిచే శ్రమా లేదు. దాని ఫలితం మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచిన తరువాతే కనబడుతుంది.

కాబట్టి తీర్పు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. సిమెంటుతో గాని, టైల్ జిగురుతో గాని నేలకు అతికించే ప్రతి టైల్‌కూ చుట్టూ సందు ఉండాలి, ఆ సందును గ్రౌట్‌తో నింపాలి. ఇంటివారు నిర్ణయించుకోవలసింది ఆ సందు ఎంత సన్నగా ఉండవచ్చన్నదీ, దానిలో ఏ రకం గ్రౌట్ నింపాలన్నదీ మాత్రమే. గ్రౌట్ అసలే లేని టైల్ నేలలు ఉన్నాయి, కాని అవి నేలకు అతకని, పూర్తిగా వేరైన అమరికలు. వాటి సంగతి కూడా కిందనే వస్తుంది.

సందు చేసే పని ఏమిటి

టైల్ అచ్చులో పోసినట్టు ఒకే కొలతలో వస్తుందని మనం అనుకుంటాం. మట్టిని అధిక ఒత్తిడితో నొక్కి, వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చినప్పుడు ప్రతి పలకా కాస్త కుదించుకుంటుంది, ఆ కుదింపు అన్నిటికీ ఒకేలా ఉండదు. సిరామిక్ టైల్స్‌కు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13006 కూడా ఈ తేడాను అంగీకరించి, దానికి హద్దులు మాత్రమే గీస్తుంది. ఒక పెట్టెలోని టైల్ 599.7 మి.మీ., మరో పెట్టెలోది 600.3 మి.మీ. ఉన్నాయనుకుందాం. రెండిటికీ తేడా 0.6 మి.మీ.; కంటికి ఆనదు. కాని సందు లేకుండా ఒక వరుసలో చిన్నవి పది, పక్క వరుసలో పెద్దవి పది ఆనించి వేస్తే, పదో టైల్ దగ్గరికి వచ్చేసరికి రెండు వరుసల గీతలు 6 మి.మీ. తప్పిపోతాయి. సందు ఉంటే ప్రతి టైల్ దగ్గరా పిసరంత సర్దుకుంటూ పోయి గీతను నిటారుగా నిలబెట్టవచ్చు. సందు లేనిచోట ఆ తేడాకు వెళ్ళే దారి ఉండదు.

రెండో కారణం కదలిక. సిరామిక్ టైల్ ఒక మీటరు పొడవుకు, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 0.006 నుంచి 0.007 మి.మీ. వరకు సాగుతుంది. ఈ లెక్కన 6 మీటర్ల గది నేల 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.2 మి.మీ. పెరుగుతుంది. అదే సమయంలో కింద ఉన్న కొత్త కాంక్రీటు ఆరుతూ కుదించుకుంటూ ఉంటుంది. మీటరుకు అర మి.మీ. చొప్పున లెక్క వేసుకున్నా ఆ 6 మీటర్లలో 3 మి.మీ. అవుతుంది. పైనున్నది సాగుతూ, కిందున్నది కుదించుకుంటూ ఉంటే మధ్యలోని జిగురు మీద పడే ఒత్తిడి సామాన్యమైనది కాదు. ఆ ఒత్తిడికి దారి దొరకనప్పుడు ఒకనాడు పెద్ద శబ్దంతో రెండు వరుసల టైల్స్ ఇంటి కప్పు ఆకారంలో పైకి లేచి నిలబడతాయి. చూసినవారు నేల కింద ఏదో పేలిందనుకుంటారు. గ్రౌట్ ఒక్కటే ఈ కదలికనంతా మింగగలదని చెప్పను, దానికి గ్రౌట్‌కు బదులు సీలెంట్ నింపే కదలిక సందులు వేరే ఉండాలి. అయితే అంచుకు అంచు రాసుకుంటున్న టైల్స్ కంటే మధ్యలో మెత్తని పదార్థం ఉన్న టైల్స్ ఆ ఒత్తిడిని చాలా నయంగా తట్టుకుంటాయి.

మూడోది అంచుల క్షేమం. ఒకదానికొకటి తగిలి ఉన్న టైల్స్‌లో ఒకటి రవ్వంత కుంగినా, బరువైన బీరువా జరిపినా, పైపూత అంచు దగ్గర పెచ్చులూడుతుంది. రేపు ఒక టైల్ పగిలితే దాన్ని మాత్రమే తీసి కొత్తది పెట్టడం కూడా, సందు లేనప్పుడు, చుట్టుపక్కల నాలుగు టైల్స్‌ను పణంగా పెట్టి చేసే పనే.

ఇక మురికి మాట. సందు లేకుండా వేసిన నేలలో నిజానికి సందు లేకుండా పోదు. వెంట్రుకవాసి చీలిక ప్రతి అంచు వెంటా మిగులుతుంది. గ్రౌట్ దూరడానికి అది చాలదు, తడిగుడ్డ నీళ్ళు దూరడానికి మాత్రం బాగా చాలుతుంది. ఆ నీటితో దిగిన మట్టి అక్కడే ఉండిపోతుంది, దాన్ని తీసే బ్రష్ లేదు. మురికి పట్టకూడదని సందు వద్దన్నవారికి చివరకు మిగిలేది సన్నని నల్లగీతలే. పైగా, గ్రౌట్‌కు బదులు ఆ చీలికల మీద రాసి తుడిచిన తెల్ల సిమెంటు కొద్ది నెలల్లోనే పొడిగా లేచిపోతుంది.

గ్రౌట్ నిజంగా అక్కరలేని నేలలు

ఆరుబయట డాబాల మీద, ఎత్తు సర్దే ప్లాస్టిక్ కాళ్ళ మీద నిలబెట్టే 20 మి.మీ. మందపు పోర్సిలిన్ పలకలకు గ్రౌట్ వేయరు. వాటి మధ్య 3 నుంచి 4 మి.మీ. సందు తెరిచే ఉంటుంది. వాననీరు ఆ సందుల్లోంచి దిగి కిందనున్న జలనిరోధక పొర మీదుగా పారిపోతుంది. కింద ప్లాస్టిక్ చట్రం ఉండి ఒకదానిలో ఒకటి బిగిసే టైల్స్‌లో, కొన్నిటికి చట్రంలోని రబ్బరు అంచే సందును నింపుతుంది. వినైల్ టైల్స్ వంగే పదార్థంతో చేసినవి గనుక వాటిని అంచుకు అంచు కలిపే వేస్తారు. ఇసుక పరుపు మీద పరిచే కాంక్రీటు పేవర్ల సందుల్లో పొడి ఇసుకే నింపుతారు. గ్రౌట్ వద్దే వద్దన్నవారు వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం న్యాయం. సిమెంటు మీద అతికించే టైల్స్‌ను ఎంచుకుని వాటిని ఇలా ప్రవర్తించమనడం కుదరదు.

మొదటి అడుగు: చేతిలో ఉన్న టైల్‌ను కొలవండి

టైల్స్ వచ్చిన వెంటనే పెట్టెల మీద బ్యాచ్, రంగు ఛాయ, కొలత తరగతి సంఖ్యలు అన్నిటికీ ఒకటేనా అని చూసుకోవాలి. తరువాత వేర్వేరు పెట్టెలనుంచి కనీసం పది టైల్స్ తీసి, నాలుగు అంచుల పొడవూ, రెండు కర్ణాలూ స్టీలు టేపుతో గాని, వీలైతే వెర్నియర్ కాలిపర్‌తో గాని కొలిచి రాసుకోవాలి. అన్నిటికంటే పెద్ద కొలతకూ, అన్నిటికంటే చిన్న కొలతకూ ఉన్న తేడాయే ఇక్కడ మనకు కావలసిన సంఖ్య.

టైల్ వంపును కూడా ఇప్పుడే చూడాలి. రెండు టైల్స్‌ను ముఖానికి ముఖం ఆనించి నిలబెట్టి, అంచుల దగ్గరో, నడుమనో వెలుతురు కనబడుతోందా అని గమనించండి. పొడవైన, చెక్క పలకల ఆకారపు టైల్స్‌లో నడుమ ఉబ్బు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కాల్చిన తరువాత అంచులను యంత్రంతో కోసి సరిచేసిన టైల్స్‌ను రెక్టిఫైడ్ టైల్స్ అంటారు. వాటి కొలతలు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక సన్నని సందుకు అవే అనుకూలం. అయితే అంచు కోసినంత మాత్రాన వంపు పోదన్న సంగతి అమ్మేవారు సాధారణంగా చెప్పరు.

రెండో అడుగు: సందు వెడల్పును లెక్కించండి

అమెరికన్ జాతీయ ప్రమాణం ఎ108.02 చెప్పే సూత్రం సులభమైనది, నాకు తెలిసినంతలో అన్నిటికంటే ఉపయోగకరమైనది కూడా: టైల్ కొలతల్లో ఉన్న తేడాకు సందు కనీసం మూడు రెట్లు ఉండాలి, ఏ పరిస్థితిలోనూ 1/16 అంగుళానికి, అంటే సుమారు 1.6 మి.మీ.కు తగ్గకూడదు. మీ పది టైల్స్‌లో తేడా 0.5 మి.మీ. వస్తే సూత్రం ప్రకారం 1.5 మి.మీ. కావాలి, కనుక 2 మి.మీ. స్పేసర్ సరిపోతుంది. తేడా 1 మి.మీ. అయితే 3 మి.మీ. స్పేసర్ కావాలి. తేడా 1.5 మి.మీ. దాటితే 5 మి.మీ. సందుకు సిద్ధపడండి, లేదా ఆ సరుకును వెనక్కి పంపండి. నేల టైల్స్‌కు 3 మి.మీ.కు తక్కువ సందు వద్దని బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 5385 అంటుంది, ఎండ పడే చోట, తడిసే చోట నేనైతే దాన్నే పాటిస్తాను.

ఇటుక వరసలాగా ఒక వరుసను పక్కకు జరిపి వేసే అమరికలో మరో జాగ్రత్త ఉంది. ఒక టైల్ నడుమనున్న ఉబ్బు పక్క టైల్ కొన పక్కకు వచ్చి చేరుతుంది, దాంతో అంచు దగ్గర మెట్టు తేలుతుంది. అందుకే ఏ అంచయినా 15 అంగుళాలు, అంటే 380 మి.మీ., దాటిన టైల్స్‌ను మూడో వంతుకు మించి జరపవద్దనీ, రెక్టిఫైడ్ అయినా సందు 1/8 అంగుళం, సుమారు 3 మి.మీ., ఉంచమనీ అదే అమెరికన్ ప్రమాణం సూచిస్తుంది.

సందు వెడల్పుగా ఉంటే నేలంతా గళ్ళగళ్ళుగా కనబడుతుందన్న భయం ఉన్నవారు ఒక చిన్న లెక్క చూడాలి. 600 మి.మీ. చదరపు టైల్స్‌ను 2 మి.మీ. సందుతో వేస్తే మొత్తం నేలలో గ్రౌట్ వాటా 0.7 శాతం కూడా ఉండదు. 300 మి.మీ. టైల్స్‌ను 3 మి.మీ. సందుతో వేస్తే దాదాపు 2 శాతం. కంటికి తక్కువ గీతలు కావాలంటే టైల్‌ను పెద్దది చేసుకుని, గ్రౌట్ రంగును టైల్ రంగుకు కలపడమే దారి; సందును చంపుకోవడం వల్ల దక్కేది ఒకటి రెండు మిల్లీమీటర్లే.

మూడో అడుగు: నేల చదును

సన్నని సందు కావాలనుకున్నవారు డబ్బూ, ఓపికా ఖర్చు పెట్టవలసింది ఇక్కడే. సందు ఎంత సన్నబడితే రెండు టైల్స్ మధ్య ఎగుడుదిగుడు అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఎందుకంటే ఆ తేడాను వాలుగా సర్దడానికి మధ్యలో గ్రౌట్ వెడల్పు ఉండదు.

మూడు మీటర్ల అల్యూమినియం బద్దను నేల మీద అన్ని దిక్కులా పెట్టి, దాని కింద కనబడే ఖాళీని కొలవాలి. అంచు 380 మి.మీ. దాటిన టైల్స్‌కు ఆ ఖాళీ 3 మి.మీ. మించకూడదు, అంతకంటే చిన్న టైల్స్‌కు 6 మి.మీ. వరకు సహించవచ్చు. గుబ్బలను రాపిడి యంత్రంతో అరగదీయాలి, పల్లాలను తనంతట తానే చదునయ్యే సిమెంటు మిశ్రమంతో నింపాలి. జిగురును మందంగా వేసి పల్లం సర్దుదామనుకోవడం పొరపాటు. మందపు జిగురు ఆరుతూ కుదించుకుని టైల్‌ను కిందికి లాగుతుంది. కొత్త కాంక్రీటు అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పాత నేల అయితే నూనె, రంగు, వదులు పెచ్చులు గీకివేసి, దుమ్ము ఊడ్చి, చీపురుతో పోనిదాన్ని వాక్యూమ్‌తో తీయాలి.

స్నానాల గదిలోనూ, డాబా మీదా జలనిరోధక పొర ఈ దశలోనే పడాలి. గ్రౌట్ నీటిని ఆపదు, ఎపాక్సీ గ్రౌట్ కూడా గోడ మూలల దగ్గరా, గొట్టాల చుట్టూ నీటిని ఆపలేదు. కింది గది కప్పు చెమ్మ పట్టిందని పైగది గ్రౌట్‌ను మాత్రమే కొత్తగా వేయించడం తరచు జరిగేదే. చెమ్మ మళ్ళీ వస్తుంది.

నాలుగో అడుగు: పొడిగా పరచి చూసుకోవడం, కదలిక సందులు

గది మధ్యగీతలను దారంతో కొట్టి, మూలమట్టంతో లంబం సరిచూసి, జిగురు లేకుండానే రెండు వరుసలు స్పేసర్లతో పరచి చూడాలి. గోడ దగ్గర సగం కంటే సన్నని ముక్క మిగులుతుంటే మధ్యగీతను అర టైల్ జరపాలి.

కదలిక సందుల స్థానం కూడా ఇప్పుడే గుర్తు పెట్టుకోవాలి. గది చుట్టూ, స్తంభాల చుట్టూ, గడప దగ్గరా టైల్‌కూ గోడకూ మధ్య 6 మి.మీ. ఖాళీ వదలాలి, గోడ అంచు పట్టీ దాన్ని కప్పేస్తుంది. ఇంటి లోపల ప్రతి 6 నుంచి 7.5 మీటర్లకూ, ఎండ నేరుగా పడే చోటా, తడిసే చోటా, ఆరుబయటా ప్రతి 2.4 నుంచి 3.6 మీటర్లకూ ఒక సందును గ్రౌట్‌కు బదులు సిలికాన్ లేదా పాలీయురెథేన్ సీలెంట్‌తో నింపాలి. కాంక్రీటులో ముందే ఉన్న విస్తరణ సందు మీద టైల్ అడ్డంగా పడకూడదు, ఆ సందు టైల్ ముఖం దాకా కొనసాగాలి. పైకి లేచిన నేలలను విప్పి చూస్తే గోడ అంచున ఈ 6 మి.మీ. ఖాళీ సిమెంటుతో నిండిపోయి ఉండడం తరచుగా కనబడుతుంది. మిగతా పనంతా శ్రద్ధగా చేసినవారు కూడా పట్టీ కింద దాగే చోటని ఇక్కడ ఉపేక్షిస్తారు.

ఐదో అడుగు: జిగురు, టైల్, స్పేసర్

పెద్ద టైల్స్‌కు 10 నుంచి 12 మి.మీ. పళ్ళున్న తాపీ వాడాలి. జిగురును నేల మీద వృత్తాలుగా తిప్పకుండా ఒకే దిక్కుకు, టైల్ పొట్టి అంచుకు సమాంతరంగా చాళ్ళు తీసినట్టు లాగాలి. టైల్ వెనక కూడా చదునైన తాపీతో పలుచగా ఒక పూత వేయాలి. టైల్‌ను ఆనించి, చాళ్ళకు అడ్డంగా కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపితే చాళ్ళు కూలి గాలి బయటకు పోతుంది. మొదటి కొన్ని టైల్స్‌లో ఒకదాన్ని వెంటనే ఎత్తి వెనక వైపు చూడండి. పొడి గదుల్లో 80 శాతం, తడి చోట్ల, ఆరుబయట 95 శాతం జిగురు అంటి ఉండాలి. నాలుగు మూలలా, నడుమనా ముద్దలు పెట్టి టైల్‌ను కూర్చోబెట్టే పద్ధతి ఈ పరీక్షలో ఎన్నడూ నెగ్గదు. తరువాత తట్టినప్పుడు గుల్ల శబ్దం వచ్చేది ఆ ముద్దల మధ్య ఖాళీల నుంచే.

స్పేసర్లను మూలల్లోనే గాక పొడవైన అంచుల నడుమ కూడా పెట్టాలి. ఎత్తును సమం చేసే లెవలింగ్ క్లిప్పులు పెద్ద టైల్స్‌కు ఎంతో మేలు చేస్తాయి, కాని వాటి కాడకు కూడా మందం ఉంటుంది కనుక అది మీరు అనుకున్న సందులో ఇముడుతుందో లేదో ముందే చూసుకోవాలి. వాటితో గుంతల నేలను చదును చేయవచ్చని మాత్రం ఆశించకూడదు.

సందులోకి పొంగిన జిగురును తడిగా ఉండగానే తీసేయాలి. టైల్ మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు గ్రౌట్‌కు ఖాళీగా ఉండాలి. లోతు చాలని చోట గ్రౌట్ పొరలా లేచిపోతుంది, రంగు కూడా మచ్చలుగా కనబడుతుంది. తరువాత జిగురు గట్టిపడేదాకా, సాధారణంగా 24 గంటలు, ఆ నేల మీద ఎవరూ నడవకూడదు.

ఆరో అడుగు: గ్రౌట్ ఎంపిక

గ్రౌట్ వద్దనేవారి అసలు ఫిర్యాదు మరకల మీదే అయినప్పుడు, దానికి జవాబు దొరికేది ఈ ఎంపికలోనే.

సిమెంటు గ్రౌట్‌లో రెండు రకాలున్నాయి. సన్నని ఇసుక కలిసినది 3 మి.మీ., అంతకు మించిన సందులకు. ఆ ఇసుక రేణువులు గ్రౌట్ కుదించుకోకుండా అడ్డుపడతాయి. ఇసుక లేనిది 3 మి.మీ.కు లోపు సందులకు, గీతలు పడే పాలరాతి వంటి మెత్తని ముఖాలకు. ఇసుక లేనిదాన్ని వెడల్పు సందులో నింపితే ఆరాక నెర్రెలిస్తుంది. పాలిమర్ కలిపినది రెండిటిలోనూ దొరుకుతుంది, నేలకు అదే తీసుకోవాలి. వట్టి తెల్ల సిమెంటులో పాలిమరూ లేదు, ఇసుకా లేదు, రంగు నిలిపే గుణమూ లేదు. అది గ్రౌట్ స్థానంలో చాలాకాలంగా చలామణి అవుతోందే గాని గ్రౌట్ కాదు.

ఎపాక్సీ గ్రౌట్ రెసిన్, హార్డెనర్ కలిపి చేసేది. నూనె, పసుపు, టీ వంటి మరకలను అది లోపలికి పీల్చుకోదు, పైపూత అవసరం లేదు, సన్నని సందులో కూడా గట్టిగా నిలుస్తుంది. వంటగదికీ, స్నానాల గదికీ నా ఓటు దీనికే. కాని దాని చిక్కులు కూడా తెలిసి ఉండాలి: కలిపిన తరువాత చేతిలో ఉండే సమయం అరగంట నుంచి గంట లోపే, వేడి ఎక్కువైతే ఇంకా తక్కువ. టైల్ ముఖం మీద పలుచని పొర మిగిలి ఆరిపోతే దాన్ని తీయడం నేల వేయడం కంటే కష్టం. ఎండ నేరుగా పడే చోట లేత రంగులు పసుపుబారవచ్చు. అలవాటు లేని చేతితో పెద్ద గదిని ఎపాక్సీతో మొదలుపెట్టకూడదు.

రంగు విషయంలో నాకొక పక్షపాతం ఉంది: నడిచే దారిలో తెల్ల గ్రౌట్ వద్దు. దుమ్ము రంగుకు దగ్గరైన బూడిద, లేత మట్టి ఛాయలు ఏళ్ళ తరబడి ఒకేలా కనబడతాయి. మరీ ముదురు రంగులు కూడా ఉప్పు తేలితే, సబ్బు పొర పడితే తెల్లమచ్చలు చూపిస్తాయి.

ఎంత కొనాలో తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. టైల్ పొడవు, వెడల్పుల మొత్తాన్ని వాటి గుణకారంతో భాగించి, దాన్ని టైల్ మందంతోనూ, సందు వెడల్పుతోనూ, 1.6తోనూ గుణిస్తే చదరపు మీటరుకు కావలసిన కిలోలు వస్తాయి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉండాలి. 10 మి.మీ. మందం, 600 మి.మీ. చదరపు టైల్, 3 మి.మీ. సందు అయితే చదరపు మీటరుకు సుమారు 0.16 కిలో. వృథాకు పదోవంతు కలుపుకుని, ఒకే బ్యాచ్ సంఖ్య ఉన్న ప్యాకెట్లే తీసుకోవాలి.

ఏడో అడుగు: గ్రౌట్ నింపడం

స్పేసర్లన్నీ తీసి, సందులను వాక్యూమ్‌తో శుభ్రం చేయాలి. మిగిలిన టైల్ ముక్క మీద ముందు కొద్దిగా గ్రౌట్ రాసి, తుడిచి, రంగు అంటుతోందేమో చూడాలి. పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్స్ ముఖం మీద కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి, ముదురు గ్రౌట్ వాటిలో దిగి మచ్చగా మిగిలిపోవచ్చు.

సిమెంటు గ్రౌట్‌కు నీళ్ళను ప్యాకెట్ మీద చెప్పినంత కొలిచి బకెట్‌లో ముందు పోసి, పొడిని తరువాత వేసి, నెమ్మదిగా తిరిగే కవ్వంతో గడ్డలు లేకుండా కలపాలి. ఐదు నుంచి పది నిమిషాలు ఊరనిచ్చి మళ్ళీ కలపాలి. గట్టిపడుతోందని మధ్యలో నీళ్ళు చల్లకూడదు. ఒకే గదిలో గ్రౌట్ నాలుగు ఛాయల్లో కనబడడానికి ఇదే ముఖ్య కారణం.

రబ్బరు తాపీని 45 డిగ్రీల వాలులో పట్టి, సందులకు ఐమూలగా లాగుతూ గ్రౌట్‌ను లోపలి దాకా దట్టించాలి. పైపైన రాస్తే కింద గాలి మిగిలి, కొన్నాళ్ళకు గుంటలు పడతాయి. నింపిన తరువాత తాపీని దాదాపు నిటారుగా ఎత్తి, ఐమూలగానే లాగి మిగులును తీసేయాలి; సందు వెంట లాగితే తాపీ అంచు సందులోకి దిగి గ్రౌట్‌ను తోడేస్తుంది. ఒకసారికి రెండు మూడు చదరపు మీటర్లకు మించకుండా సాగాలి.

వేలితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలకు, బాగా పిండిన స్పాంజితో తుడవాలి. స్పాంజిలో నీళ్ళు ఎక్కువుంటే పై సిమెంటు కొట్టుకుపోయి గ్రౌట్ పాలిపోతుంది, రాపిడికి పొడిగా రాలుతుంది. కడిగే బకెట్ ఒకటి, ముంచే బకెట్ ఒకటి వేరుగా ఉంచండి. రెండు మూడు గంటల తరువాత టైల్స్ మీద తేలే తెల్లని మసకను పొడి గుడ్డతో రుద్దితే పోతుంది.

మామూలు సిమెంటు గ్రౌట్‌ను మూడు రోజులు మెల్లగా ఆరనివ్వాలి. ఎండ, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా మందపు కాగితం పరచడం మంచిది. ప్లాస్టిక్ పట్టా పరిస్తే కింద చెమట పట్టి మచ్చలు తేలుతాయి. మెత్తగా నడవడానికి ఒక రోజు, బరువు సామాను జరపడానికి ప్యాకెట్ మీద చెప్పిన గడువు ఆగాలి. చుట్టూ ఉన్న 6 మి.మీ. ఖాళీలోకి గ్రౌట్ దూరి ఉంటే ఈ లోపే గీకి తీసేయండి.

ఎనిమిదో అడుగు: పైపూత, నిత్య సంరక్షణ

సిమెంటు గ్రౌట్ పూర్తిగా ఆరాక లోపలికి ఇంకే సీలర్‌ను బ్రష్‌తో సందుల వెంట రాసి, టైల్ మీద పడినదాన్ని వెంటనే తుడవాలి. పూత పని చేస్తోందా అని తెలుసుకోవడానికి ఒక నీటిబొట్టు వేసి చూస్తే చాలు: బొట్టు పైన నిలిస్తే సరే, ఇంకిపోయి మచ్చ పడితే మళ్ళీ రాయాలి. నేల కడగడానికి యాసిడ్, వెనిగర్ వాడకూడదు. ఆమ్లం సిమెంటును కరిగిస్తుంది. మరక పోయిందన్న ఆనందం గ్రౌట్ గరుకెక్కి మరింత మురికి పట్టేదాకానే. తటస్థ ద్రావణం, మెత్తని బ్రష్ చాలు.

ఇప్పటికే సందు లేకుండా వేసి ఉంటే

ఉన్న నేలను భయపడి పగలగొట్టనక్కరలేదు. చెక్క కర్ర పిడితో ప్రతి టైల్‌నూ తట్టి, గుల్లగా పలికే వాటిని సుద్దతో గుర్తు పెట్టండి. గుల్లలు లేక, అంచులు పెచ్చులూడక ఉంటే, గోడ అంచు పట్టీని రెండు మూడు చోట్ల విప్పి చుట్టూ ఖాళీ ఉందో లేదో చూడడమే మొదటి పని. సిమెంటు నిండి ఉంటే దాన్ని చెక్కించి ఖాళీ చేయించడం వల్ల పెద్ద ప్రమాదం చాలావరకు తప్పుతుంది. టైల్స్ మధ్య చీలికలను సన్నని వజ్రపు బ్లేడుతో కోసి వెడల్పు చేయవచ్చు, కాని అంచులు చిట్లకుండా కోయాలంటే చేయి తిరిగిన పనివాడు కావాలి, లేచే దుమ్ములో సిలికా ఉంటుంది కనుక మంచి మాస్కు తప్పనిసరి. నేలంతా కోయించడాన్ని నేను సమర్థించను. పొడవైన గదిలో ఒకటి రెండు వరుసలను కోయించి సీలెంట్ నింపించడం అర్థమున్న పని.

టైల్స్ ఇప్పటికే పైకి లేచి ఉంటే వాటిని నొక్కి కింద జిగురు పోయడం వృథా, ఎందుకంటే వాటికి ఇప్పుడు ఆ స్థలం చాలదు. లేచిన వరుసనూ, దాని అటూ ఇటూ గుల్లగా పలికే టైల్స్‌నూ తీసి, పాత జిగురును నేల దాకా గీకి, కొత్త టైల్స్‌ను అంచులు కోయించి సందుతో వేయించాలి. ఆ వరుస వెంట ఒక గీతను కదలిక సందుగా మార్చాలి: గ్రౌట్ వేయకుండా, అడుగున నురుగు తాడు పెట్టి, పైన టైల్ రంగుకు కలిసే సీలెంట్ నింపి, అది గట్టిపడేదాకా ఆ గీత మీద అడుగు పడకుండా చూసుకోవాలి.